పది కోళ్ళు, ఒక మోటారు సైకిలు

పెరట్లో పది కోళ్ళు, వాకిట్లో ఒక మోటారు సైకిలు ఉంటే పల్లెటూరి బతుకు హాయిగా గడిచిపోతుందన్నది ఒక వాదం. ఆ హాయి కుర్చీలో కూర్చున్నవాడిదే, వెనక చాకిరీ మాత్రం ఇంకొకరిదన్నది ఎదురువాదం. గోదావరి డెల్టాలో, ద్రాక్షారామం నుంచి కోటిపల్లి దాకా కాలవల వెంట ఉన్న ఊళ్ళలో ఈ తగువు ఇప్పుడు చాలా ఇళ్ళలో నడుస్తోంది. బయట ఎక్కడో ఉద్యోగం చేసి తిరిగొచ్చినవాళ్ళు ఒక పక్షం, ఊరు దాటనివాళ్ళు ఇంకో పక్షం. ఇక్కడ మొదటి పక్షాన్ని ఒక తమ్ముడు, రెండో పక్షాన్ని అతని అక్క వినిపిస్తారు. తమ్ముడు బ్యాంకులో పనిచేసి రిటైరై సొంతింటికి చేరాడు. అక్క అదే ఊళ్ళో మేనరికం చేసుకుని, పాడీ పంటా కోళ్ళూ చూసుకుంటూ ఉండిపోయింది. పేర్లతో పనిలేదు. ఇలాంటి అక్కాతమ్ముళ్ళు ఏ ఊరికెళ్ళినా కనిపిస్తారు.

తమ్ముడు తన వాదాన్ని గుడ్ల దగ్గర మొదలుపెట్టడు. పెరట్లో కాసేపు ఊరికే కూర్చుంటే కోళ్ళ లోకమే వేరుగా కనిపిస్తుందంటాడు. చల్లిన నూకల మీదికి ముందు ఎవరు రావాలి, రాత్రి పై కర్ర మీద ఎవరు ముడుచుకోవాలి అన్నదానికి వాటిలో ఒక వరస ఉంది. పెద్ద పెట్ట ముక్కుతో ఒక్క పోటు పొడిస్తే కిందిది తప్పుకుంటుంది, అది తన కిందిదాన్ని పొడుస్తుంది. ఈ పొడుపుల వరసను 1921లో నార్వే శాస్త్రవేత్త షెల్డెరప్-ఎబ్బె గ్రంథస్థం చేశాడు. పుంజు కూత సంగతి ఇంకా ముచ్చటైనది. వెలుతురు చూసే పుంజు కూస్తుందని అందరూ అనుకుంటారు గానీ, 2013లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు పుంజులను వెలుతురు మారని గదిలో ఉంచినా అవి తెల్లవారే వేళకే కూయడం చూశారు. గడియారం దాని ఒంట్లోనే ఉంది. నాలుగు పుంజులుంటే మొదటి కూత పెద్దదానిది, మిగిలినవి హోదా ప్రకారం అందుకుంటాయని తర్వాత తేల్చారు.

“మా బ్రాంచిలోనూ అంతే అక్కా, మేనేజరు దగ్గాకే మిగతావాళ్ళు దగ్గేవాళ్ళు” అని తమ్ముడు నవ్వుతాడు.

అక్కకు ఇందులో వింతేమీ కనపడదు. “అది ఎవరి హోదాతో కూస్తే నాకేంట్రా? కూశాక లేచేది నేనే కదా” అంటుంది.

లేచాక ఆమె చేసే పని వరసగా చెప్పుకోదగ్గది, ఎందుకంటే తమ్ముడి లెక్కలో అది ఎక్కడా లేదు. గూడు తలుపు తీయగానే కోళ్ళను ఒక్కసారిగా వదిలెయ్యదు. ఒక్కో పెట్టను పట్టుకుని, వేలితో తడిమి, ఆ పూట గుడ్డు ఉందో లేదో చూస్తుంది. ఉన్నదాన్ని గంప కింద కమ్ముతుంది, లేనిదాన్ని వదులుతుంది. కమ్మకపోతే పెట్ట పొరుగింటి గడ్డివాములో గుడ్డు పెట్టి, ఏమీ ఎరగనట్టు తిరిగొస్తుంది. పొరుగామె ఆ గుడ్డు వండుకున్నాక ఎవరిదని అడిగేది? తర్వాత గూట్లో పెంట ఎత్తి పాదుల్లో వేయాలి, మట్టి మూకుట్లో నీళ్ళు మార్చాలి, తవుడు తడిపి పెట్టాలి. సాయంత్రం చీకటి పడకముందే లెక్క చూసి మూయాలి. ఒకటి తగ్గితే టార్చి పట్టుకుని దొడ్లన్నీ వెతకాలి. గూడు తలుపు ఒక్క రాత్రి మరిచిపోతే తెల్లారేసరికి ఈకలే మిగులుతాయి. పిల్లి ఒకదాన్ని ఎత్తుకుపోయి ఊరుకుంటుంది. ముంగిస అలా కాదు, తినగలిగినదానికి మించి చంపి పోతుంది.

పొదుగు మరో కథ. నాటు పెట్ట పది, పదిహేను గుడ్లు పెట్టి ఆపేస్తుంది. ఈకలు నిక్కబొడుచుకుని, దగ్గరికొస్తే గుర్రుమంటుంది. అప్పుడు పాత గంపలో గడ్డీ బూడిదా పరిచి గుడ్లు పెట్టి, దాన్ని కూర్చోబెడతారు. ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని నమ్మి గంపలో ఒక ఇనుపముక్క, బొగ్గుముక్క, ఎండుమిరపకాయ వేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మిరపకాయ ఉరుమును ఆపుతుందో లేదో గానీ ఆ అలవాటును మాత్రం ఎవరూ ఆపలేదు. వారం దాటాక చీకట్లో టార్చి వెలుగుకు అడ్డంపెట్టి చూస్తే, లోపల ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపించిన గుడ్డు మంచిది, ఏమీ కనపడకుండా తేటగా ఉన్నది గొడ్డుపోయినది. ఇరవై ఒక్క రోజులకు పిల్లలు దిగుతాయి. ఆ మూడు వారాలూ పెట్ట రోజుకొక్కసారి లేచి, నాలుగు గింజలు తిని, పరుగున వెనక్కి వెళ్తుంది. దిగిన పిల్లల్లో గద్దకూ కాకికీ పోగా మిగిలినవే పెరిగినట్టు.

ఇక్కడ తమ్ముడు లెక్కలు తీస్తాడు, బ్యాంకు ఉద్యోగి కదా. “ఇంత కష్టపడి నాటుకోడి ఎందుకే అక్కా? హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కోళ్ళ పరిశోధన డైరెక్టరేట్ వాళ్ళు పెరటి కోసమనే వనరాజా, గ్రామప్రియ జాతులు తయారుచేశారు. నాటు పెట్ట ఏడాదంతా కలిపి అరవై గుడ్లు పెడితే గొప్ప. గ్రామప్రియ రెండొందల దాకా పెడుతుంది.”

“పెడుతుందిరా, పొదగదుగా” అంటుంది అక్క.

ఆమె అన్నది నిజమే. ఎక్కువ గుడ్లు పెట్టేలా ఎంపిక చేస్తూ పోయిన జాతుల్లో పొదిగే గుణం తగ్గిపోతుంది. పొదుగుకు కూర్చున్న పెట్ట గుడ్లు పెట్టదు, కాబట్టి ఆ రెండు గుణాలకూ పొసగదు. గ్రామప్రియ పెంచేవాళ్ళు ప్రతిసారీ పిల్లలను కొనుక్కోవాలి, లేదా ఆ గుడ్లను నాటు పెట్ట కింద పెట్టాలి. పైగా వనరాజా బరువుగా పెరుగుతుంది, కుక్క తరిమితే నాటుకోడిలా గోడెక్కలేదు. అందుకే డెల్టా ఊళ్ళలో రెండు రకాలూ కలిపి పెంచుతున్నవాళ్ళు కనిపిస్తారు. గుడ్లకు ఒకటి, పొదగడానికి ఒకటి. ఈ పద్ధతిని ఎవరూ ఉపన్యాసాలిచ్చి నేర్పలేదు, ఆడవాళ్ళు చూసి చూసి తేల్చుకున్నారు.

నాటు గుడ్డు బలమన్న మాట మీద మాత్రం అక్కదే పొరపాటు. పెంకు రంగు జాతిని బట్టి వస్తుంది. సొన ముదురు పసుపుగా ఉండడానికి కోడి తిన్న ఆకుకూరలూ పచ్చగడ్డీ కారణం. పోషకాల్లో మేత వల్ల కొద్ది తేడాలు రావచ్చు గానీ, బరువుకు బరువు చూస్తే మాంసకృత్తుల లెక్కన ఫారం గుడ్డూ నాటు గుడ్డూ దాదాపు ఒకటే. రుచి వేరంటే ఎవరూ కాదనరు. నాటు గుడ్డుకు పట్నంలో పలికే ధర ఆ రుచికీ ఆ నమ్మకానికీ కలిపి పలుకుతున్నది. తమ్ముడు ఇదంతా చెబితే అక్క విని ఊరుకుంటుంది గానీ, బాలింతకు ఫారం గుడ్డు పెట్టదు.

ఆమె బలం ఇంకోచోట ఉంది. గుడ్ల డబ్బు ఇంట్లో ఆడవాళ్ళది. వడ్ల డబ్బు అప్పులకూ ఎరువులకూ పోతుంది, పాల డబ్బు దాణాకు పోతుంది, గుడ్ల డబ్బుకు మాత్రం లెక్క అడిగేవాడు లేడు. మనవడి పుస్తకాలు, చీటీ డబ్బు, పుష్కరాల ప్రయాణం అందులోంచే వస్తాయి. 2019 పశుగణనలో దేశంలో మొత్తం కోళ్ళూ బాతులూ 85 కోట్లు దాటితే, అందులో పెరటివి సుమారు 31.7 కోట్లు. 2012తో పోలిస్తే పెరటివి 46 శాతం దాకా పెరిగాయి, ఫారాల్లో పెరుగుదల 5 శాతం లోపే. పెరటివీ ఫారాలవీ కలిపిన మొత్తం సంఖ్యలో తమిళనాడు తర్వాత రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, మూడోది తెలంగాణది. ఫారాలకు పేరుపడ్డ దేశంలో పెరడు ఇంత వేగంగా పెరగడం చిన్న విషయం కాదు. తమ్ముడు ఈ అంకెల్ని తన వైపు వేసుకుంటాడు, జనం పెరటి సుఖం మళ్ళీ వెతుక్కుంటున్నారని. అక్క వాటిని తన వైపు లాక్కుంటుంది: “సుఖం కోసం ఎవరు పెంచారురా? చేతిలో నాలుగు డబ్బులు ఆడాలని పెంచారు.” అంకెలు కారణం చెప్పవు. అయినా స్వయం సహాయక సంఘాల ఆడవాళ్ళకు కోడిపిల్లలు పంచిన పథకాలను గుర్తుచేసుకుంటే అక్క మాటకే మొగ్గు ఎక్కువ.

ఇద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకునే విషయం ఒక్కటుంది, కొక్కెర తెగులు. ఇంగ్లండులో న్యూకాజిల్ దగ్గరా, మన దేశంలో హిమాలయాల ఒడిలోని రాణిఖేత్ దగ్గరా 1920లలో గుర్తించారు కాబట్టి దీనికి ఆ రెండు ఊళ్ళ పేర్లూ ఉన్నాయి. వైరస్ వల్ల వచ్చే జబ్బు, మందు లేదు. నిన్న గింజలు తిన్న కోడి ఇవాళ రెక్కలు వాల్చేస్తుంది. ఆకుపచ్చగా, తెల్లగా పారుతుంది. నోరు తెరిచి గురగురమంటుంది. మెడ వంకరపోయి గుండ్రంగా తిరుగుతుంది. రెండు మూడు రోజుల్లో వీధి వీధంతా ఖాళీ అవుతుంది. తెగులు సోకిన ఊళ్ళో చాలామంది చేసే తప్పు ఒకటుంది. నీరసపడ్డ కోళ్ళను త్వరగా సంతకు తోలేయడమో, కోసి చుట్టాలకు పంచడమో చేస్తారు. ఆ ఈకలతో, ఆ కడుగునీళ్ళతో, ఆ సంచులతో తెగులు పక్క ఊరికి వెళ్తుంది. చచ్చినవాటిని లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చడమే సరైన పని.

రాకుండా ఆపడానికి టీకా ఉంది. వారం లోపు పిల్లకు లసోటా టీకా ఒక చుక్క కంట్లోనో ముక్కులోనో వేయాలి, నెల రోజులకు మళ్ళీ వేయాలి, రెండు నెలల వయసులో రెక్క కింద సూది వేయించాలి. ఇంత సులువైనది పెరటి కోళ్ళకు ఎందుకు అందడం లేదన్న ప్రశ్నకు జవాబు సీసాలో ఉంది. ఒక్కో సీసాలో మందు కనీసం వంద కోళ్ళ కోసం తయారై వస్తుంది. పది కోళ్ళున్న ఇల్లు అంత మందు ఏం చేసుకుంటుంది? పైగా అది ఎప్పుడూ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి.

కోడి గురించి మాట్లాడుతూ పందెం ఎత్తకుండా ఉండడం గోదావరి జిల్లాల్లో సాధ్యపడదు. తమ్ముడికి డేగ, కాకి, నెమలి, సేతువ అంటూ పుంజుల రంగులు చెప్పడం సరదా. కానీ పెరటి పెట్టకూ పందెం పుంజుకూ సంబంధం తక్కువే. దాని మేత వేరు, దాని ఖర్చు వేరు, పందెం చట్టరీత్యా నేరం. అక్క దాని మీద ఒక్క ముక్కే అంటుంది: “గుడ్ల మీద ఆడది కూడబెట్టింది, పుంజు మీద మగాడు మూడు రోజుల్లో ఊడ్చేశాడు.” వాదంలో ఈ భాగం అక్కడితో సరి.

ఇక మోటారు సైకిలు. తమ్ముడి దృష్టిలో ఊరి సుఖంలో సగం దానిదే. నెమ్మదిగా, నలభై దాటకుండా కాలవ గట్టున పోతూ ఉండాలి. ధవళేశ్వరం దగ్గర కాటన్ కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్విన కాలవలివి. నీళ్ళకోసం వేసిన గట్లే తర్వాత బాటలయ్యాయి, కాబట్టి దారి ఎక్కడా నిట్టనిలువుగా ఎక్కదు, కాలవతో పాటే మెలికలు తిరుగుతుంది. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క వరి, మధ్యలో కొబ్బరి నీడ. కోటిపల్లి రేవులో బండిని పంటు మీద ఎక్కించి, స్టాండు వేసి, గోదావరి దాటి ముక్తేశ్వరంలో దిగితే కోనసీమ. ఆ పంటు మీద బండి పక్కన నిలబడ్డ పావుగంటకు బదులుగా పట్నంలో ఏమీ దొరకదంటాడు. ఈ ఒక్క మాటకు అక్క ఎదురు చెప్పదు. ఆమె కూడా ఆ పంటు ఎక్కింది.

కానీ ఊళ్ళోకి బండి వచ్చింది షికారు కోసం కాదని ఆమె గుర్తుచేస్తుంది. మొదట్లో రాజ్‌దూతో, బుల్లెట్టో ఊరికి ఒకటి రెండు ఇళ్ళలో ఉండేది, అదీ మోతుబరులకు. 1980లో టీవీఎస్ మోపెడ్, 1985లో లీటరుకు ఎంతో దూరం పోయే హీరో హోండా, 1994లో స్ప్లెండర్ వచ్చాకే బండి సామాన్యుడి చేతికందింది. దాని మీద పాల క్యాన్లు వెళ్ళాయి, యూరియా బస్తాలు వచ్చాయి, గడ్డిమోపులు తిరిగాయి, అర్ధరాత్రి పురిటి నొప్పుల కోడలు ఆసుపత్రికి వెళ్ళింది. ఇప్పటికీ ఎక్సెల్ మోపెడ్ ముందుభాగంలో కాళ్ళ మధ్య ఒక మూట లేకుండా కనిపించడం అరుదు. “నువ్వు ఖాళీ బండి నడుపుతావు, మిగతా ఊరంతా బరువుతో నడుపుతుంది” అని అక్క అంటే తమ్ముడు ఒప్పుకుంటాడు. ఒప్పుకుని, తన సంగతి అడుగుతాడు. ముప్పై ఐదేళ్ళు బరువు మోసినవాడు ఖాళీగా తిరిగితే తప్పేమిటని. తప్పేమీ లేదు. ఊళ్ళోనూ అరుగు మీద కూర్చునేవాళ్ళు, చెరువు గట్టున బీడీ కాల్చేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. వాళ్ళది తీరిక అయినప్పుడు తమ్ముడిదీ తీరికే.

ప్రమాదం మాట వేరు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళు. మరణాల్లో దాదాపు మూడింట రెండు వంతులు గ్రామీణ ప్రాంతాల్లోనే జరిగాయి. ఊరి దారి నెమ్మది దారి అన్న తమ్ముడి నమ్మకానికి ఈ లెక్కలు అడ్డం వస్తాయి. కారణాలు ఊళ్ళో అందరికీ తెలిసినవే. దాళ్వా కోత అయ్యాక ఏప్రిల్‌లో, సార్వా కోత అయ్యాక నవంబరు, డిసెంబరుల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. రాత్రికి వాటిని కుప్ప చేసి నల్ల బరకం కప్పి, చుట్టూ రాళ్ళు పెడతారు. నల్ల రోడ్డు మీద నల్ల బరకం హెడ్‌లైటు వెలుగులో కూడా దగ్గరికొచ్చేదాకా ఆనదు. వెనక దీపాల్లేని ట్రాక్టరు ట్రక్కు, రంగు వెయ్యని స్పీడ్ బ్రేకరు, సందెవేళ ఇంటికి మళ్ళే గేదెల మంద, కళ్ళల్లో పడే పురుగులు, ఇవన్నీ పొద్దుగూకిన ఆ గంటలోనే కలిసొస్తాయి. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. ఆ లెక్కన నలభై మంచి వేగమే, కానీ తల మీద ఏమీ లేనప్పుడు నలభై కూడా చాలు తల పగలడానికి.

హెల్మెట్ దగ్గర తమ్ముడు కాస్త తడబడతాడు. గాలి తగలాలనే కదా షికారు అంటాడు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్‌కు ఊరి గట్టూ హైవే అన్న తేడా లేదు. హెల్మెట్ పెట్టుకుంటే చావు ముప్పు 42 శాతం, తల గాయాల ముప్పు 69 శాతం తగ్గుతుందని పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులు తేల్చారు. అక్కకు ఈ శాతాలు తెలియవు, ఆమెకు తెలిసింది చీర కొంగు. వెనక ఒక పక్కకు కాళ్ళు వేసుకుని కూర్చున్న ఆడమనిషి కొంగు చక్రంలో పడి చచ్చినవాళ్ళ పేర్లు చుట్టుపక్కల ఊళ్ళలో ఆమె చెప్పగలదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది ఇందుకే ఉంది. వెనక కూర్చున్నవారి బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రం కనీసం సగం మేర కప్పి ఉండాలనీ, పట్టుకోవడానికి పిడి ఉండాలనీ అది చెబుతుంది. బండి అందంగా కనపడాలని చక్రాన్ని కప్పే ఆ జాలీని ఊడపీకించే కుర్రాళ్ళున్నారు. తమ్ముడి బుల్లెట్టుకూ అది లేదు, కొన్న రోజే తీయించాడు.

“మళ్ళీ పెట్టించు, అప్పుడు కోటిపల్లి దాకా వస్తాను” అంది అక్క. వాదం మొత్తంలో తమ్ముడు జవాబు చెప్పకుండా చేసిన పని ఇదొక్కటే. మెకానిక్కు దగ్గరికెళ్ళి జాలీ పెట్టించాడు.

అక్క కూడా ఒకచోట దిగొచ్చింది. కోళ్ళలో మిగిలేదేమీ లేదని, తవుడూ నూకలూ లెక్కవేస్తే చేతినష్టమని ఎన్నిసార్లో ఆమే అంది. అయితే అమ్మేయమని తమ్ముడు అంటే, కోళ్ళు లేని పెరడు బోసిగా ఉంటుందంది. తమ్ముడు మొదటినుంచీ చెబుతున్నది కూడా అదే. అయినా ఆమె దాన్ని సుఖమని ఒప్పుకోదు, అలవాటంటుంది. పట్టుపట్టి తేల్చాల్సినంత తేడా అందులో లేదు.

తేల్చాల్సింది టీకా సీసా సంగతి. పది కోళ్ళ ఇంటికి వంద మోతాదుల సీసా వృథా, పది ఇళ్ళు కలిస్తే సరిగ్గా సరిపోతుంది. మండల కేంద్రంలోని పశువుల ఆసుపత్రి నుంచి ఆ సీసా ఐసు పెట్టిన ఫ్లాస్కులో, ఎండెక్కకముందు ఊరికి రావాలి. అందుకు ఖాళీ బండీ, తీరికా ఉన్న మనిషి ఊళ్ళో ఒకడున్నాడు. కోళ్ళు ఇంకా గూళ్ళలో ఉండగానే వీధి వీధీ తిరిగి చుక్కలు వేయడానికి ఇళ్ళన్నీ తెలిసిన మనిషి అక్క. పెరటి కోళ్ళున్న ఏ వీధిలోనైనా ఈ ఏర్పాటు కుదురుతుంది. వేసవికి ముందు ఒకసారి, ఆ తర్వాత పశువైద్యులు చెప్పిన గడువుల్లో, వీధిలో పది ఇళ్ళవాళ్ళూ ఒకే పొద్దున కోళ్ళను వదలకుండా ఉంచి టీకా వేయించండి.